పేరెంట్ పేజీని బట్టి సైడ్‌బార్: టెంప్లేటా, ప్లగినా, కోడా?

వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో ‘సేవలు’ అనే పేజీ (పేరెంట్) కింద ఉన్న పేజీలన్నిటికీ ఒక సైడ్‌బార్ (పక్క పట్టీ), ‘శిక్షణ’ కింద ఉన్నవాటికి ఇంకొకటి రావాలంటే ఏ పద్ధతి మేలని చాలామంది అడుగుతున్నారు. పేజీ టెంప్లేట్లు (పేజీ అమరికను నిర్ణయించే ఫైళ్లు), విడ్జెట్ (సైడ్‌బార్‌లో పెట్టే చిన్న భాగం) ఏ పేజీలో కనిపించాలో చెప్పే విజిబిలిటీ ప్లగిన్లు, థీమ్ (సైట్‌కు రూపాన్నిచ్చే ఫైళ్లు) కోడ్‌లో కండిషన్ రాసుకోవడం... మూడూ పనిచేస్తాయి. నేను మాత్రం ముందుగా ఒకటే చూస్తాను: రేపు ఆ సైట్‌లో కొత్త పేజీ చేర్చే మనిషి పేరెంట్‌ను ఎంచుకుని పబ్లిష్ నొక్కితే సరిపోతుందా, ఇంకేదైనా గుర్తుపెట్టుకోవాలా?

టెంప్లేట్ల పద్ధతి ఇక్కడే తేలిపోతుంది. విభాగానికో ఫైల్ రాసి, గెట్_సైడ్‌బార్ అనే ఫంక్షన్‌కు సైడ్‌బార్ పేరిచ్చి పిలిస్తే అయిపోతుంది, ఎవరికైనా అర్థమవుతుంది. కానీ టెంప్లేట్ ఎంపిక ఒక్కో పేజీకి విడిగా ఉంటుంది. తల్లి పేజీ టెంప్లేట్ పిల్ల పేజీకి దానంతటది రాదు. పేజీని వేరే విభాగంలోకి మార్చినా పాత సైడ్‌బారే కనిపిస్తుంది. విభాగాల లేఅవుట్ కూడా వేరుగా ఉండాలనుకుంటే టెంప్లేట్లే సరైనవి. సైడ్‌బార్ కోసమే అయితే వద్దంటాను.

కోడ్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ప్లగిన్ వాడండి. రెండు మూడు విడ్జెట్లకు బాగానే ఉంటుంది. విడ్జెట్లు పెరిగేకొద్దీ ఏ నియమం ఎక్కడ పెట్టామో వెతుక్కోవాలి, ఎందుకంటే అవి ఒక్కో విడ్జెట్‌కు విడివిడిగా ఉంటాయి. అన్ని సైడ్‌బార్లనూ పేజీలో పెట్టి సీఎస్ఎస్‌తో దాచేవాళ్లూ ఉన్నారు. పేజీ బరువు పెరగడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నా ఓటు కోడ్‌కే, అదీ ఒక షరతుతో. చాలామంది పేరెంట్ పేజీ ఐడీని (గుర్తింపు అంకెను) చెప్పే పోస్ట్_పేరెంట్ విలువ చూసి ఊరుకుంటారు. అది ఒక్క మెట్టు పైకే చూపిస్తుంది. ‘సేవలు’ కింద ‘డిజైన్’, దాని కింద ‘లోగోలు’ ఉంటే, ‘లోగోలు’ పేజీకి దొరికే పేరెంట్ ‘డిజైన్’. అక్కడ ‘సేవలు’ సైడ్‌బార్ రాదు. గెట్_పోస్ట్_యాన్సెస్టర్స్ ఫంక్షన్ వాడితే ఈ చిక్కు ఉండదు. అది పూర్వీకుల ఐడీలన్నీ ఇస్తుంది: దగ్గరి పేరెంట్ ముందు, అన్నిటికన్నా పైది చివర. ఆ చివరి ఐడీయే మనకు కావలసింది. పై మెట్టు పేజీకి మాత్రం ఖాళీ జాబితా వస్తుంది కాబట్టి అప్పుడు ఆ పేజీ ఐడీనే తీసుకోవాలి.

విడ్జెట్ ఏరియాలను (విడ్జెట్లు పెట్టే చోట్లను) కూడా చేత్తో రాయనక్కర్లేదు. పేరెంట్ సున్నా ఉన్న, అంటే పై మెట్టు, పేజీలను తీసుకుని లూప్‌లో ఏరియాను నమోదు చేసే రిజిస్టర్_సైడ్‌బార్ పిలిచి, పేజీ ఐడీని ఏరియా ఐడీలో కలిపితే, కొత్త విభాగం పెట్టగానే దాని ఏరియా విడ్జెట్ల తెరలో సిద్ధంగా ఉంటుంది. టెస్ట్ సైట్‌లో, లైవ్ సైట్‌లో ఐడీలు వేరైనా ఈ పద్ధతికి ఇబ్బంది లేదు, కోడ్‌లో ఏ అంకే ఉండదు కదా. చూపించే చోట ఏరియాలో విడ్జెట్లున్నాయో లేదో చెప్పే ఈజ్_యాక్టివ్_సైడ్‌బార్‌తో పరీక్షించి, ఖాళీగా ఉంటే మామూలు సైడ్‌బార్‌కు వెళ్లనివ్వండి. ఇదంతా చైల్డ్ థీమ్‌లో (అసలు థీమ్‌ను ముట్టకుండా మార్పులు పెట్టుకునే థీమ్) పెట్టండి, లేకపోతే థీమ్ అప్‌డేట్‌తో పోతుంది.

బ్లాక్ థీమ్‌ల (పేజీ మొత్తాన్ని బ్లాకులతో కట్టే థీమ్‌ల) తీరు వేరు. అక్కడ సైడ్‌బార్ టెంప్లేట్‌లోనే ఒక భాగం కాబట్టి ఇదే లెక్కను షార్ట్‌కోడ్‌లోనో (దాని చోట కోడ్ ఫలితం వచ్చే చిన్న గుర్తు) డైనమిక్ బ్లాక్‌లోనో (పేజీ తెరిచినప్పుడు కోడ్ నడిచే బ్లాక్) పెట్టుకోవాలి.

ఏ థీమ్ అయినా లెక్క మొదలుపెట్టే ముందు ఇది పేజీయేనా అని చెప్పే ఈజ్_పేజ్‌ను అడగడం మరవకండి. సెర్చ్ ఫలితాల్లో, ప్రస్తుత పేజీని పట్టుకునే పోస్ట్ వేరియబుల్‌లో మరేదో ఉండొచ్చు, 404 (పేజీ దొరకలేదు) తెరలో ఏమీ ఉండకపోవచ్చు. కోడ్ పెట్టాక మూడో మెట్టు పేజీతో పాటు ఆ రెండూ తెరిచి చూసుకోండి.