సిరిమాను నాటి రాత్రికి ఏ ఆట మేలు?

విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం నాడు సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అది ముగిసి, మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం పలచబడేదాకా బంధువులెవరూ ఊరు దాటలేరు కనుక, ఆ రాత్రి మా ఇంట్లో పది పన్నెండు మంది మిగిలిపోతారు. వారి చేత ఏ ఆట ఆడించాలన్నదే ఇక్కడి ప్రశ్న.

చిన్నప్పటి రాజు, మంత్రి, దొంగ, పోలీసు చీట్లాటను ముందే పక్కన పెడుతున్నాను. అందులో ఉన్నది ఒక్క ఊహ. అది తేలగానే మళ్ళీ చీట్లు విసరడమే. మిగిలినవి రెండు: 1986లో మాస్కోలో దిమిత్రీ డేవిడాఫ్ రూపొందించిన మాఫియా, 1982 నాటి భయానక చిత్రం ‘ది థింగ్’ ఆధారంగా 2017లో వచ్చిన ‘ఇన్ఫెక్షన్ ఎట్ అవుట్‌పోస్ట్ 31’ అనే పెట్టె ఆట (బోర్డ్ గేమ్).

మాఫియాకు ఖర్చు లేదు, చదువు అక్కరలేదు. ఒకరు సూత్రధారిగా ఉంటే చాలు. రాత్రి అందరూ కళ్ళు మూసుకున్నాక రహస్య హంతకులు కళ్ళు తెరిచి చంపడానికి ఒకరిని ఎంచుకుంటారు, పగలు అందరూ వాదించుకొని ఒకరిని వెళ్ళగొడతారు. అయితే మొదటి రాత్రే ‘చనిపోయిన’ మనిషి ఆ ఆట ముగిసేదాకా గోడకు ఆనుకొని కూర్చోవాలి. మా ఇంట్లో ఆ గతి ఎప్పుడూ మా పిన్నికే పడుతుంది. పైగా పగటి వాదనకు ముఖకవళికలు తప్ప వేరే ఆధారం ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఒకరినొకరు ఎరిగిన బంధువుల మధ్య అది ఆటకంటే పాత లెక్కలు తీర్చుకోవడానికే ఎక్కువ పనికివస్తుంది.

పెట్టె ఆట ఈ లోపాన్నే సరిదిద్దింది. అంటార్కిటికా మంచులోని స్థావరంలో మనుషుల రూపం ధరించే జీవి చేరింది. ఎవరు మనిషో, ఎవరు నకిలీయో వారివారి రక్తపు నమూనా చీటీకే తెలుసు. ఒక్కో పనికి ఆటగాళ్ళలో కెప్టెన్‌గా ఉన్నవాడు జట్టును ఎంచుతాడు, జట్టువారు చేతిలోని వేరే చీట్లను బోర్లించి ఇస్తారు, కలిపి తెరిచినప్పుడు పని చెడగొట్టే చీటీ బయటపడితే అది ఎవరిదో తెలియకపోయినా వెళ్ళింది ఎవరెవరో అందరికీ తెలుసు. కనుక అనుమానానికి ఒక కొస దొరుకుతుంది. అన్నిటికంటే నాకు నచ్చినది, ఆట నడుమ రక్తపు చీట్లు మళ్ళీ పంచడం. అప్పటిదాకా నిజాయితీగా ఆడినవాడు ఆ క్షణం నుంచి శత్రువు కావచ్చు. సినిమాలోని అసలు భయం కూడా అదే కదా. చివరికి హెలికాప్టర్‌లో ఎవరిని ఎక్కించుకోవాలో కెప్టెనే తేల్చాలి, ఒక్క నకిలీ ఎక్కినా మనుషులు ఓడినట్టే.

దీని ఇబ్బందులూ తక్కువేమీ కావు. నలుగురి నుంచి ఎనిమిది మంది వరకే ఆడగలరు, చీట్లపై రాతలన్నీ ఆంగ్లంలో ఉంటాయి, మొదటిసారి నియమాలు వివరించేలోపే మా మావయ్యకు కునుకు పడుతుంది. నిరుడు కెప్టెన్‌గా నేను పిన్నిని అనుమానించి దించేసి, మా బావను ఎక్కించుకున్నాను. నకిలీ ఆయనే అని తేలింది.

అయినా నా ఓటు పెట్టె ఆటకే, ఎనిమిది మందికి మించనంతవరకు. మించితే మాఫియాయే గతి. అప్పుడు మాత్రం సూత్రధారిగా పిన్నినే కూర్చోబెట్టాలి.