వరద బురద ఎత్తే ట్రాక్టర్ అద్దె: ట్రిప్పు లెక్క కన్నా రోజు లెక్కే మేలు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన విజయవాడ సింగ్‌నగర్ లాంటి ఇరుకు వీధుల్లోకి జేసీబీ దూరదు. పైకి లేచి లోడు దించే హైడ్రాలిక్ ట్రక్కు (వెనక తొట్టి) ఉన్న ట్రాక్టరు, నలుగురు కూలీలు కలిపి దొరికే అద్దె సర్వీసే అక్కడ దిక్కు. పనికొస్తుందా? బాగా వస్తుంది, బేరం సరిగా కుదిరితే.

ట్రిప్పుకింత అంటే డ్రైవరుకు ట్రక్కు నిండడమే ముఖ్యం. పరుపు, బురద, బ్యాటరీ అన్నీ ఒకే లోడులో పోతాయి. రోజు లెక్కైతే వేరు చేసే ఓపిక ఉంటుంది. మధ్యలో నాలుగు టీలు తాగినా మనకే లాభం.

ముందు బురద సంగతి. 600 చదరపు అడుగుల ఇంట్లో 3 అంగుళాల ఒండ్రు అంటే 150 ఘనపుటడుగులు, దాదాపు 7 టన్నులు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున్న ట్రక్కులో అడుగు ఎత్తుకే 3 టన్నులు దగ్గరపడుతుంది. అంతకు మించి పోయనివ్వొద్దు. దించేటప్పుడు తడి బురద ముందువైపు అతుక్కుపోయి జారదు. ఎత్తిన ట్రక్కు పైభాగంలోనే బరువు నిలిచి, నేల వాలుగా ఉంటే పక్కకు పడుతుంది. అడుగున వరిగడ్డి పరిస్తే సులువుగా దిగుతుంది. ఇంట్లో బురద ఎండకముందే పార, గమేలాలతో తీయించాలి. ఎండితే గునపం తప్పదు, గచ్చు పెచ్చులూడుతుంది.

నానిన దూదిపరుపును ఇద్దరు కూడా లేపలేరు. కొడవలితో కోసి ముక్కలుగా ఎక్కించాలి. తడి బియ్యం, పప్పుల బస్తాలు పులిసి కంపు కొడతాయి కాబట్టి అవి మొదటిరోజే పోవాలి. ఫ్రిజ్ తలుపు తాడుతో కట్టేయండి. రాగి కోసం గొట్టం కోయనివ్వకండి, కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది మండే గ్యాసు. ఇన్వర్టర్ బ్యాటరీ నిటారుగా పక్కన పెడితే పాత బ్యాటరీ కింద డబ్బులొస్తాయి. గ్యాస్ సిలిండర్ ఏజెన్సీకే. సిమెంటు రేకులు పగలగొట్టకుండా, తడిపి, విడిగా ఎక్కించాలి. పొడి రేగితే వాటిలోని ఆస్‌బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏది ఎక్కించినా ముందు ఫొటో తీసుకోండి, నష్టం రాయడానికి వచ్చేవాళ్లు ఖాళీ ఇంటిని చూసి ఏం రాస్తారు?

ఈ సర్వీసులో పెద్ద లోపం కూలీలకు బూట్లు, గ్లోవ్స్ ఉండకపోవడం. బురదలో గాజుపెంకులు, మేకులు కనపడవు. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి.

ఎక్కడ పారబోస్తారో అడిగి, మునిసిపాలిటీ చూపిన చోటేనని తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. తక్కువ రేటు చెప్పేవాళ్లలో కొందరు దగ్గర్లోని కాలువ గట్టున దించేస్తారు. మళ్లీ వానొస్తే ఆ బురద మీ వీధికే.