చిన్నపిల్లలతో చేతి మిషను: కొన్నేళ్లు వాడినాక

మా ఇంట్లో ఉన్నది పాత నల్ల కుట్టుమిషను. కరెంటు లేదు, కాలితో తొక్కేది లేదు. కుడిపక్క చక్రానికి పిడి బిగించి ఉంటది, దాన్ని చేత్తో తిప్పాలి. నల్లగొండ ప్రకాశం బజార్‌లో చెక్కపెట్టెతో సహా పాతదే తీసుకున్నం. పెద్దపాప అంగన్‌వాడీకి పోయే రోజుల నుంచి చిన్నోడు రెండో తరగతికి వచ్చేదాకా ఇదే నడుస్తున్నది. పిల్లలకు కుట్టడానికీ, పిల్లలతో కుట్టించడానికీ ఏ మిషను కొనాలని అడిగేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది చేతి మిషను కొనమనే.

కారణం, అది ఆగుతది. మోటారు మిషను మీద కాలు ఇంత గట్టిగా పడిందంటే గుడ్డ సర్రున పోతది, పిల్లలు బెదిరి చెయ్యి అడ్డం పెడతరు. కాలి మిషనుకు వాళ్ల కాళ్లు అందవు. అందినా తొక్కుడు లయ తప్పితే చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడతది. చేతి మిషను మాత్రం చెయ్యి ఆగిన చోటనే ఆగుతది. మెల్లగా తిప్పితే సూది గుడ్డలోకి దిగుడు, లేచుడు కండ్లారా కనిపిస్తది. సూది దగ్గరి పలక జరిపి, లోపల తిరిగే షటిల్ కొన పైదారాన్ని పట్టుకొని, అడుగుదారం చుట్టిన బాబిన్ చుట్టూ తిప్పి ముడేసే తీరు మా పాపకు చూపించిన. అది చూసినాక ఆమెకు మిషనంటే ఉన్న భయం పోయింది.

చేత్తో తిప్పుడులో ఒక ఇబ్బంది ఉన్నది. కుడిచెయ్యి పిడి మీద ఉంటే గుడ్డకు ఎడమచెయ్యి ఒక్కటే మిగులుతది. ఆరేడేండ్లలోపు పిల్లలకు ఒంటిచేత్తో గుడ్డ సాగించుడు కష్టం. అందుకే మా ఇంట్లో ఇద్దరు కూర్చుంటరు, ఒకరు తిప్పుతరు, ఒకరు గుడ్డ పడతరు. గుడ్డ పట్టినవాళ్లు ఆగుమంటే తిప్పేవాళ్లు ఆగాల్సిందే. అక్కాతమ్ముళ్లు ఒకరి మాట ఒకరు ఇంత బుద్ధిగా వినేది నేను మిషను దగ్గరనే చూసిన. ఎడమచేతివాటం పిల్లలకు మాత్రం ఈ మిషను అంత అనుకూలం కాదు, పిడి కుడిపక్కనే ఉంటది కాబట్టి.

వేళ్ల సంగతి ముందే తేల్చుకోవాలి. సూదికి ముందు పలక మీద ఎర్ర స్టిక్కర్ బొట్లు వరసగా అంటించిన. వేళ్లు బొట్లు దాటొద్దని ఒక్కటే కట్టుబాటు. సూదికి కుడిపక్క అర అంగుళం దూరంలో ఇంకో బొట్టు ఉన్నది. గుడ్డ అంచు దాని వెంట పోతే కుట్టు తిన్నగా వస్తది.

మొదట దారం ఎక్కించకుండా గీతల నోటుబుక్కు కాగితం మీద కుట్టించాలి. రంధ్రాలు గీత మీద పడ్డయా లేదా అన్నది పిల్లలే చూసుకుంటరు. కాగితానికి సూది మొద్దుబారుతది, కాబట్టి అరిగిన సూదినే వాడాలి. తర్వాత మూల తిప్పుడు నేర్పాలి. సూది గుడ్డలో దిగి ఉండగానే, గుడ్డను అదిమిపట్టే ఫుట్ లేపి, గుడ్డ తిప్పి, మళ్ల ఫుట్ దించాలి. ఫుట్ దించుడు మరిచిపోతే అడుగున దారం గూడులా కమ్ముకుంటది. అడుగున చిక్కు కనిపించగానే అందరూ బాబిన్‌ను తిడతరు. ఎక్కువసార్లు తప్పు పైదారంలోనే ఉంటది. ఫుట్ దిగకపోతే పైదారానికి బిగువు ఉండదు, లేదంటే దారం, దాన్ని నొక్కిపట్టే బిగువు పలకల మధ్య సరిగ్గా కూర్చోదు. పైదారం మొత్తం తీసి మళ్ల ఎక్కిస్తే చాలావరకు సరైపోతది.

గుడ్డ విషయంలో మన దగ్గరి పిల్లలు అదృష్టవంతులు. ఇక్కత్ గుడ్డ నేసే పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక ఊర్లు 2016లో జిల్లాలు విడగొట్టక ముందు మా నల్లగొండ జిల్లాలోనే ఉండె. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులేసి రంగులద్ది, తర్వాత నేస్తరు కాబట్టి రంగు రెండు వైపులా కనిపిస్తది. ఉల్టా సీదా చూసుకునే పని లేకపోవుడు చిన్నపిల్లలకు ఎంత మేలో నేర్పినవాళ్లకే తెలుస్తది. అచ్చు గుడ్డ అయితే వాళ్లు తప్పకుండా ఒక ముక్క బొర్ల పెడతరు, విప్పాల్సి వచ్చినప్పుడు ఏడుస్తరు. నారాయణపేట నూలుచీర చిన్నగడులది కూడా మంచిది, గడి గీత వెంట కత్తెర నడుస్తది, కుట్టు నడుస్తది. గద్వాల చీర మాత్రం పిల్లలతో కుట్టియ్యొద్దు. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ ఒక్క తీరుగ జరగవు, అతుకు దగ్గర ముడతలు పడతయి. మా అత్తమ్మ పాత గద్వాల చీరతో బతుకమ్మకు పాప లంగా నేనే కుట్టిన, అంచు కింద కచ్చా కుట్టు వేసుకొని మెల్లగా. నడుము దగ్గర కాకుండా కిందివైపు రెండు అడ్డమడతలు పెట్టి కుడితే, పిల్ల పెరిగినకొద్దీ ఒక్కోటి విప్పుకోవచ్చు.

పిల్లలు సొంతంగా కుట్టినవాటిలో ఎక్కువ కాలం నిలిచినవి చింతగింజల సంచులు. అరచేతంత ముక్కలు రెండు, మూడు వైపులా కుట్టు. తిరగేసి, బాగా ఎండిన గింజలు సగానికి పోసి నాలుగో వైపు మూయాలి. నిండా పోస్తే ఎగరేసినప్పుడు కుట్లు తెగుతయి. వాటితో ఆడుకోవచ్చు, గురిచూసి విసరొచ్చు. ఆ పక్కనే అష్టాచెమ్మ గవ్వలకు నాడా సంచి. ఇంట్లో మూడేండ్లలోపు పిల్లలుంటే గింజల సంచి వాళ్లకు అందనియ్యొద్దు, గుడ్డ బొమ్మకు గుండీ కండ్లు పెట్టొద్దు. కండ్లు దారంతో కుడితే సరిపోతది. ఆ వయసు వాళ్లకు గోనెపట్టా ముక్క, మొద్దు కొన ఉన్న ప్లాస్టిక్ సూది, ఊలుదారం ఇచ్చి మన పక్కన కూర్చోబెట్టుకుంటే వాళ్లకూ పని దొరుకుతది.

చుట్టాలు ఒకసారి పిల్లలకు చేత్తో పట్టుకునే బ్యాటరీ మిషను బహుమతిగా తెచ్చిన్రు. అది ఒకటే దారంతో గొలుసుకుట్టు వేస్తది. చివర ముడి పడకపోతే, కొస లాగంగనే కుట్టంతా ఊడివస్తది. పాప కుట్టిన దిండు గలీబు అట్లనే విడిపోయింది. పిల్లల శ్రమ కండ్లముందే ఊడిపోయే వస్తువు వాళ్ల చేతికి ఇయ్యొద్దని నా అభిప్రాయం.

చేతి మిషను లోపాలూ చెప్పాలి. ఇనుము బరువు, పిల్లలు ఎత్తలేరు, పెద్దవాళ్లే తీసి పెట్టాలి. చెక్కమూత కొక్కెం వదులైతే ఎత్తినప్పుడు మిషను జారి పడతది. అటూఇటూ వంకర్లుగా పడే జిగ్‌జాగ్ కుట్టు లేదు, సాగే టీషర్టు గుడ్డకు కుట్టు తెగుతది. దుప్పటి అంచులాంటి పొడుగు పనికి చెయ్యి నొస్తది. నూనె మిషను నూనెనే వెయ్యాలి. కొబ్బరినూనె చలికాలం గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తది. నూనె వేసినాక పాతగుడ్డ మీద కొంచెంసేపు కుట్టకపోతే మరకలు మంచి గుడ్డకు అంటుతయి. నూలుకు 14 నంబరు సూది, జీన్స్‌కు 16, పల్చటి గుడ్డకు 11. సూదికి ఒక పక్క చదునుగ ఉంటది, ఆ వైపు మారితే కుట్టు పడదు.

పాతది కొనేటప్పుడు ఇంటి నుంచే నూలుగుడ్డ ముక్కలు పట్టుకపోండి. ముందు రెండు మడతల మీద, తర్వాత నాలుగు మడతల మీద కుట్టించి, తిరగేసి అడుగు కుట్టు చూడండి. పిడి దగ్గరి పండ్లచక్రం అరిగితే తిప్పేటప్పుడు టకటకమని జారుతది, అది వద్దు. బాబిన్‌ను పెట్టే బాబిన్ కేసు ఉన్నదా, దాని మర బిగుస్తున్నదా చూడండి. వీలైతే పిల్లనూ తీసుకపోయి పిడి తిప్పించండి. మన చేతికి తేలిగ్గ తిరిగింది ఆ చిన్న చేతికి బరువు కావచ్చు. కొనాల్సింది ఆమె చేతికి తిరిగే మిషను.