పర్లాకిమిడి చుట్టుపక్కల సర్కారు బడులు: మూడింటిని ఎనిమిదేళ్లు చూశాక

పర్లాకిమిడి ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు. ఆ పట్నంలో ఒక తెలుగు మీడియం బడి, కాశీనగర్ వైపు పల్లెలో ఒక ఒడియా మీడియం బడి, ఈ రెండూ ఐదో తరగతి దాకానే. మూడోది ఒకటి నుంచి ఎనిమిది దాకా ఉన్న ఒడియా బడి. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులుగా ఈ మూడింటి గురించీ రాస్తున్నాం. పేర్లు కావాలనే రాయలేదు. ఒక్క మాస్టారు బదిలీ అయితే చాలు, బడి తీరే మారిపోతుంది.

ముందు చూడాల్సింది రంగులూ గోడల మీద బొమ్మలూ కాదు, టీచర్ల లెక్క. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. 45 మందికి ఇద్దరుంటే కాగితం మీద లోటు లేదు. కానీ తరగతులు ఐదు. ఒకరికి ఒకటీ రెండూ, ఇంకొకరికి మూడూ నాలుగూ ఐదూ. వాళ్లలో ఒకరు ట్రైనింగుకో ఎన్నికల పనికో వెళ్లారంటే ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి. పల్లె బడి అసలు జబ్బు ఇదే. హెడ్మాస్టార్ని తిట్టి లాభం లేదు, జనాభా లెక్కలకూ ఎన్నికలకూ టీచర్లను పంపొచ్చని అదే చట్టం 27వ సెక్షన్లో ఉంది. అందుకే 58 మంది ఉన్న బడి కంటే 63 మంది ఉన్న బడి మేలు, మూడో పోస్టుకు అర్హత వస్తుంది. పోస్టు ఉందా అని కాదు, మనిషి ఉన్నాడా అని అడగండి.

ఇక భాష. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయితే మొదటి ఏడాది ఎక్కడ తడబడతారో ముందే తెలుసుకోవాలి. మనం 'క' అన్నది ఒడియాలో 'కొ'కు దగ్గరగా పలుకుతుంది. పిల్లాడు తప్పు పలకట్లేదు, తెలుగులో పలుకుతున్నాడు. ఆ సంగతి తెలియని టీచరు మళ్లీ మళ్లీ దిద్దితే నోరు మూసుకుంటాడు. ఒడియా 'ఠ' ఉత్త గుండ్రం, మన సున్నాలాగే ఉంటుంది, రెండు లిపులూ నేర్చేవాళ్లు కలిపేస్తారు. ఒడియాలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. అందుకే ఒడియా ముందు నేర్చిన పిల్లలు తెలుగు రాసేటప్పుడు దీర్ఘాలు మింగేస్తారు. ఒకటో తరగతి టీచరుకు తెలుగు మాట్లాడ్డం వస్తే వీటిలో సగం తీరిపోతాయి. మూడో బడికి మేం ఎక్కువ మార్కులు వేసింది అందుకే.

తెలుగు మీడియం బడిలో చదవడం త్వరగా పట్టుబడుతుంది, అనుమానం లేదు. చిక్కు వేరే చోట. తెలుగు టీచరు రిటైరయ్యాక ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది, పుస్తకాలూ ఆలస్యంగా వచ్చాయి. బోర్డు మీద తెలుగు మీడియం, గదిలో ఒడియా మాస్టారు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే టీచర్ని ఇవ్వాలన్న ఒప్పందం 1949 నాటిది. అర్జీ పెడితే ఈ అంకెలు రాసి పెట్టండి, ఉత్త విన్నపం కంటే నయం. చేర్చే ముందు మాత్రం ఉన్న తెలుగు టీచరుకు ఇంకా ఎన్నేళ్ల సర్వీసు మిగిలిందో కనుక్కోండి. మూడేళ్లకు తక్కువైతే మూడో బడే నయం. ఎటూ ఒడియాను వదలొద్దు, ఒడిశా సర్కారు ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి.

చదువు ఎలా ఉందో తేల్చడానికి పరీక్ష మార్కులు పనికిరావు. మూడో తరగతి చివర్లో ఉన్న పిల్లకు ఎప్పుడూ చూడని పేజీ ఇచ్చి గడియారం పట్టండి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు పట్టుబడాలని కేంద్రం నడిపే నిపుణ్ భారత్ పెట్టుకున్న లక్ష్యం నిమిషానికి 60 మాటలు. పాత పాఠం ఇస్తే అప్పజెప్పేస్తారు, మోసపోకండి.

భోజనం చూడ్డానికి బుధవారమో శనివారమో వెళ్లండి, గుడ్డు వండే రోజులవి. ఐదో తరగతి దాకా పిల్లాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. 40 మంది హాజరైతే 4 కిలోల బియ్యం ఉడకాలి. హాజరుపట్టీలో 55 ఉండి పంక్తిలో 38 మంది కనిపిస్తే అడగాల్సిన ప్రశ్న మీకే తెలుస్తుంది. మరుగుదొడ్లు మూడు బడుల్లోనూ ఉన్నాయి. తాళం తీసి ఉందా, నీళ్లు వస్తున్నాయా, అంతే చూడండి.

దేశంలో ప్రతి బడికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, అదే యూడైస్ కోడు. అది 11 అంకెలు, ఒడిశాది 21తో మొదలవుతుంది. యూడైస్ వెబ్‌సైట్లో అది కొట్టి బడి రిపోర్టు తీస్తే తరగతుల వారీగా సంఖ్య ఉంటుంది. ఒకటిలో 20, ఐదులో 9 అంటే మధ్యలో పిల్లలు ఎటో పోతున్నారు. మన దగ్గర అది చాలాసార్లు సరిహద్దు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపే.

అటు మార్చేవాళ్లకు ఒక మాట. ఇక్కడ బడి ఏడు ఏప్రిల్లో మొదలవుతుంది, ఆంధ్రాలో జూన్లో. ఏప్రిల్లో ఇక్కడ పై తరగతిలో పేరు ఎక్కకముందే టీసీ తీసుకోండి. దాని మీద పెన్ నంబరు, అంటే ప్రతి పిల్లాడికీ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య, ఉండాలి, పాత బడి ఆన్‌లైన్లో వదిలితేనే కొత్త బడి పిల్లాణ్ణి చేర్చుకోగలదు. పేరు కూడా అక్కడే నిలబడి చూసుకోండి. ఒడియాలో మన 'వెంకట' 'భెంకట' అవుతుంది, దాన్నే ఇంగ్లీషులోకి దించితే ఆధార్‌తో కలవదు. చేర్పించే రోజే ఫారంలో ఇంగ్లీషు స్పెల్లింగు మీ చేత్తో రాసివ్వండి.