గ్రీజా, గ్రైండింగా? రాయగడ కొండ వంపుల్లో ఏది మేలు?

మా తమ్ముడి కొడుకు ట్రాక్ మెయింటెయినర్‌గా చేరాడు. మా రోజుల్లో గ్యాంగ్‌మన్ అనేవారు. పేరు మారింది కాని సుత్తి బరువు మారలేదు. చేరిన నెలకే ఇంటికి వచ్చి, మంచినీళ్లయినా తాగకుండా అడిగాడు: "పెదనాన్నా, ఒకరేమో వంపులకు గ్రీజు రాయమంటారు. ఇంకొకరు పట్టా తలను చెక్కే గ్రైండింగ్ మిషను వస్తోంది, గ్రీజు పెట్టెలు విప్పమంటారు. ఇంతకీ పట్టాకు మేలు చేసేది ఏది?"

ఒడిశాలోని మా రాయగడ తెలుగిళ్లలో రైలు మాటలు కొత్త కాదు. మజ్జిగౌరమ్మ గుడి గురించి మా పెద్దలు చెప్పే కథ కూడా రైలు వంతెనదే. ఎన్నిసార్లు కట్టినా నిలవని వంతెన, అమ్మకు గుడి కట్టాకే నిలిచిందట. అమ్మ వంతెనను చూసుకుంటుంది సరే, పట్టాను మనమే చూసుకోవాలి.

సింగపూర్ రోడ్డు దాటి కోరాపుట్ వైపు మళ్లితే కొండలు మొదలవుతాయి. అవతల కొత్తవలస–కిరండూల్ దారి ఇంకా మొండిది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ లైన్లో 8 డిగ్రీల వంపులున్నాయి. అంటే వ్యాసార్ధం 220 మీటర్లు కూడా ఉండదు. నిండు గూడ్సు బండి ఇరుసు మీద 22.9 టన్నులనుకుంటే, ఒక్కో చక్రం కింద పదకొండు టన్నుల పైమాటే. అంత బరువూ పట్టాకు ఆనేది రూపాయి బిళ్లంత మేర. ఆ బిళ్లంత చోట జరిగే రాపిడి గురించే ఈ తగవంతా.

వంపులో చక్రం అంచు బయటి పట్టా లోపలి చెంపను ఒరుసుకుంటూ పోతుంది. ఎండిన వంపు దగ్గర ఒక్క పూట నిలబడితే చాలు, చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. బండి వెళ్లాక వంగి చూస్తే పట్టా అడుగున, స్లీపరు మీద, కంకర రాళ్ల మీద వెండి రజను లాంటి పొడి మెరుస్తుంటుంది. అది పట్టా. నిన్నటిదాకా పట్టాలో ఉన్న ఉక్కే ఇవాళ కంకరలో ఉంది. మా వాడికి ఆ పొడిని అరచేతిలో పోసి చూపించాను. గ్రీజు ఎందుకో అప్పుడు అర్థమైంది.

పొడి ఉక్కు మీద పొడి ఉక్కు జారితే రాపిడి గుణకం, అంటే రాపిడి ఎంతో చెప్పే అంకె, 0.5 దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. చెంపకు గ్రాఫైటు గ్రీజు పడితే 0.25 లోపుకు దిగుతుంది. చెంప అరుగుదల తగ్గుతుంది, చక్రం అంచు అరుగుదల తగ్గుతుంది, ఇంజను లాగే శ్రమా తగ్గుతుంది. ఖర్చు చూస్తే ఒక డబ్బా, ఒక బ్రష్షు, ఒక మనిషి. లేదా పట్టా పక్కన ఒక పెట్టె. చక్రం వచ్చినప్పుడల్లా అది కాస్త గ్రీజు వదులుతుంది, దాన్ని చక్రాలే వంపు పొడుగునా మోసుకుపోతాయి. ఇంత చవకలో ఇంత ఫలితమిచ్చే పని రైల్వేలో మరొకటి నేను చూడలేదు.

అయితే గ్రీజుకు హద్దు తెలియదు. చెంపన ఉండవలసినది పట్టా నెత్తికెక్కితే ఎక్కుడులో ఇంజను చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం కదలదు. చక్రం తిరిగిన చోట పట్టా కాలి మచ్చ పడుతుంది. నా సర్వీసులో ఒకసారి కొత్త కుర్రాడు ఉత్సాహంగా రెండు బ్రష్షుల మందం పూశాడు. మే నెల ఎండకు అది కరిగి పైకి పాకింది. తెల్లవారుజామున గూడ్సు బండి ఎక్కుడు మధ్యలో నిలిచిపోయింది. ఇసుక చల్లుకుంటూ ముందుకు పంపేసరికి మా ప్రాణాలు తోకకొచ్చాయి. వానాకాలంలో కథ తిరగబడుతుంది, రాసింది రాసినట్టే కడుక్కుపోతుంది.

ఇక గ్రైండింగ్. ఇది రాపిడిని ఆపదు. జరిగిన నష్టాన్ని చెక్కేస్తుంది, పట్టా తలను మళ్లీ సరైన ఆకారానికి తెస్తుంది. మన దగ్గర తిరిగే పెద్ద మిషన్లకు 72 సానరాళ్లు, 96 సానరాళ్లు ఉంటాయి. ఒక్కో రాయి ఒక్కో కోణంలో వాలి తిరుగుతుంది. ఒక్క విడతలో పోయేది మిల్లీమీటరులో చిన్న వంతే. రాత్రి బ్లాకులో, అంటే పని కోసం బళ్లు ఆపిన వేళ, ఆ మిషను నిప్పురవ్వలు చిమ్ముతూ వస్తుంటే దీపావళి నడిచొస్తున్నట్టు ఉంటుంది. అందం సంగతి అలా ఉంచి, వేసవిలో కట్ట పక్క ఎండుగడ్డి అంటుకోకుండా వెనక నీళ్లతో నడిచేవాళ్లుంటారు. రాళ్లకు తగిలేవన్నీ ముందే విప్పాలి. గ్రీజు పెట్టె బిగింపులు విప్పమన్నది అందుకే. అంతమాత్రాన గ్రీజు పనికిరాదని కాదు.

మిషను అవసరం తెలియాలంటే బయటి పట్టా లోపలి మూల మీద గోరు గీసి చూడాలి. బాగున్న పట్టా మీద గోరు జారిపోతుంది. అలసిన పట్టా మీద చేప పొలుసుల్లా వరుసగా తగులుతుంది. అవి వెంట్రుక సన్నం పగుళ్లు. లోపలి పట్టాది వేరే జబ్బు. వేగంగా పోయే బండి కోసం వంపులో బయటి పట్టాను ఎత్తు పెడతారు. నెమ్మదిగా పోయే గూడ్సు బండి బరువు లోపలికి వాలి ఆ పట్టాను నలుపుతుంది. తల చదునవుతుంది, అలలు పడతాయి. అరచెయ్యి ఆనించి నడిపితే రోటి గంట్లలా తెలుస్తుంది. ఈ పొలుసులకూ అలలకూ చెంప గ్రీజు మందు కాదు. తిన్నని దారిలో అంచు ఒరుసుకునేదే తక్కువ కనుక, అక్కడ రాయదలచినా పెద్దగా పని లేదు. ఆ మేరకు తీర్పు గ్రైండింగ్‌దే.

వంపు దగ్గరే అసలు మెలిక. మా వాడికి ఇది రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. గ్రీజు లేని పట్టా గబగబా అరుగుతుంది. అరుగుతూ అరుగుతూ పుట్టిన పగుళ్లను కూడా తనతో తీసుకుపోతుంది. గ్రీజు పెట్టి అరుగుదల ఆపామా, ఆ పగుళ్లు అక్కడే నిలిచి లోపలికి పాకుతాయి. పైగా నూనె, నీరు పగుళ్లలోకి దూరితే చక్రం మీదికి రాగానే నోరు మూసుకుపోతుంది. లోపల చిక్కిన ద్రవం మేకులా పగులును తెరుస్తుంది. పైన పొలుసులుంటే అడుగున ఉన్న పెద్ద పగులు అల్ట్రాసోనిక్ పరీక్షకు దొరక్కుండానూ పోవచ్చు.

మూల పగుళ్లను వదిలేస్తే ఏమవుతుందో ఇంగ్లండులో చూశారు. 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ దగ్గర వంపులో పట్టా పగిలి మూడు వందలకు పైగా ముక్కలైంది, నలుగురు చనిపోయారు.

కనుక గ్రీజు బాగా రాసే వంపుకే గ్రైండింగ్ తప్పనిసరి. ఇది విడ్డూరంగా తోచినా నా మాట ఇదే. పద్ధతిగా, గడువు తప్పకుండా, కొంచెం కొంచెంగా తీయాలి. పగులు లోతయ్యాక మిల్లీమీటర్ల లెక్కన చెక్కడం అంటే పట్టా ఆయుష్షును మనమే కోసుకోవడం. బాగా మెలి తిరిగిన వంపులకు మిషను తిన్నని దారికంటే రెండు మూడు రెట్లు తరచుగా రావాలి.

పట్టా నెత్తికి రాసే ప్రత్యేకమైన మందులు కూడా వచ్చాయి. అవి రాపిడిని 0.3–0.4 మధ్య నిలుపుతాయి, ఇంజను పట్టు పోదు, కీచుమనడం తగ్గుతుంది. మంచివే. కాని చెంప గ్రీజే సరిగ్గా పడని చోట వాటి కబుర్లు నాకు రుచించవు.

"మిషను రావడానికి ఇంకా నెలలుంటే?" అన్నాడు మా వాడు. అప్పటిదాకా గ్రీజు ఆపవద్దు, పలచగా, చెంపకే రాయమన్నాను. గోటి పరీక్షలో పొలుసులు తగిలిన చోట కిలోమీటరు రాయి నంబరు రాసి గ్యాంగు పెద్ద అయిన మేట్‌కు ఇవ్వమన్నాను. మిషను వెళ్లిన మర్నాడే పెట్టెలు తిరిగి బిగించాలని కూడా చెప్పాను. కొత్తగా చెక్కిన పట్టా గరుగ్గా ఉంటుంది, పొడిగా వదిలేస్తే చెంప తినేస్తుంది.

పోయిన ఆదివారం మళ్లీ వచ్చాడు. కుడి చూపుడు వేలు గోరు అరిగిపోయి ఉంది. చొక్కా జేబులో మూడు నంబర్లు రాసిన చీటీ ఉంది.