అనంతపురం నుంచి విశాఖకు: రైలా, విమానమా?

మ్యాపు మీద గీత గీసి కొలిస్తే అనంతపురం నుంచి విశాఖపట్నానికి 690 కిలోమీటర్లు. విమానంలో గంటన్నర పనేగా అనిపిస్తుంది. కానీ మన ఊళ్లో విమానాశ్రయం లేదు. విశాఖ ఈశాన్యాన ఉంటే మనం ముందు దక్షిణానికి, బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి దాకా 185 కిలోమీటర్లు పోయి, అక్కడి నుంచి 775 కిలోమీటర్లు ఎగరాలి.

కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం ఉంది కదా అంటారు. 2021 మార్చిలో అక్కడి నుంచి విశాఖ సర్వీసు మొదలైనప్పుడు నేనూ సంబరపడ్డాను. అయితే మనకు అదీ దాదాపు అంతే దూరం. పైగా తిరిగేవి చిన్న ఏటీఆర్ విమానాలు, రోజూ ఉండవు. నంద్యాల, కర్నూలు వాళ్లకు అది వరం. మనకు బెంగళూరే మేలు.

బెంగళూరు బస్సెక్కితే పెనుకొండ, కొడికొండ, బాగేపల్లి దాటి ఎయిర్‌పోర్టు జంక్షన్‌కు మూడున్నర నాలుగు గంటలు. విమానాశ్రయం ఊరికి మనవైపే ఉండటం అదృష్టం, సిటీ ట్రాఫిక్ తగలదు. టికెట్‌లో టెర్మినల్ 1 అని ఉందా 2 అని ఉందా ముందే చూసుకోండి. చెకిన్‌కు రెండు గంటలు, గాల్లో గంటన్నర, దిగి సామాను తీసుకోవడానికి అరగంట. గడప నుంచి గడపకు ఎనిమిది తొమ్మిది గంటలు.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి విశాఖ, అంటే పద్దెనిమిది గంటల పైచిలుకు. సెలవు దొరకని ఉద్యోగస్తులకు విమానమే సరి. పెద్దవాళ్లతో పోయేటప్పుడు మాత్రం నా ఓటు రైలుకే. ఒకసారి ఎక్కి ఒకసారి దిగడమే. బస్సు, షటిల్, మెట్లు, నడక ఏవీ ఉండవు. అమ్మతో సింహాచలం పోయినప్పుడు స్లీపర్ తీసుకున్నాం. రాజమండ్రి వంతెన రాగానే ఆమె కొంగుముడి విప్పి, కిటికీ ఊచల సందులోంచి రూపాయి బిళ్ల గోదారిలోకి జారవిడిచి దండం పెట్టుకుంది. "గోదారమ్మను చూసినాం, ఇంక సింహాచలం ఎంతసేపులే నాయనా" అంది. ఏసీ బోగీలో ఆ కిటికీ తెరుచుకోదు. ఎండాకాలం అయితే థర్డ్ ఏసీ తప్పదనుకోండి.

పెద్దవాళ్లను విమానంలోనే తీసుకెళ్లాలంటే టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి, దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు.

బసకు బీచ్ రోడ్డు అందంగా ఉంటుంది గానీ గది అద్దె ఎక్కువ. గుడి కోసం వెళ్లేవాళ్లకు ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీలు నయం. సింహాచలానికి 28 నంబరు సిటీ బస్సు అక్కడ ఎక్కొచ్చు, చుట్టూ టిఫిన్ సెంటర్లకు కొదవ లేదు. గదిలో వేడినీళ్లు ఏ వేళ వస్తాయో అడిగి మరీ తీసుకోండి. మేం దిగిన లాడ్జిలో పొద్దున ఏడు దాటాక రాలేదు, అమ్మ చన్నీళ్లే పోసుకుంది.

ఇప్పుడున్న విశాఖ విమానాశ్రయం ఊళ్లోనే ఉంది, సింహాచలానికి దగ్గర. సర్వీసులు భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి నడిస్తే ఇంకో గంటన్నా కలుపుకోవాలి.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నంలోపు విమానమే చూసుకోండి. రాత్రి పదింటికి బెంగళూరులో దిగితే, హైవే పక్కన చీకట్లో సామానుతో అనంతపురం బస్సు కోసం నిలబడాలి. రాత్రి విమానం తప్పదంటే ఆర్టీసీలో సీటు ముందే రిజర్వు చేసుకుని, బస్సు ఎక్కడ ఆగుతుందో డ్రైవర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి.