నీళ్లలో బర్రెకు బేరం: ఏళ్ల తరబడి వాడాక గేమ్ ప్రీ ఆర్డర్ మీద సమీక్ష

పీఎస్ 5 (సోనీ గేమ్ కన్సోల్)లో ఆ కంపెనీ సొంత గేమ్ పెద్దది ఒకటి వచ్చిందంటే మన దగ్గర ధర 4,999 రూపాయల దాకా ఉంటుంది. ఆ డబ్బు విడుదలకు నెలల ముందే కట్టెయ్యమంటుంది స్టోర్ పేజీ. అప్పటికి చూడటానికి ఉన్నది ఒక ట్రైలర్, ఒక తేదీ, హీరోకి ఇంకో రంగు చొక్కా ఇస్తామన్న మాట. నీళ్లలో బర్రెను ఉంచి బేరం చెయ్యడం అంటే ఇదే. అయినా గేమ్‌లు ఆడేవాళ్లలో ఆ ప్రీ ఆర్డర్ బటన్ ఒక్కసారైనా నొక్కనివాళ్లు తక్కువ. పీసీ గేమ్‌లమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో, ప్లేస్టేషన్ స్టోర్‌లో, డిస్కులమ్మే షాపుల్లో ఏళ్ల తరబడి వాడాక తేలిన లెక్క ఒకటే. డబ్బు వెనక్కి తీసుకునే దారి తెరిచి ఉన్నన్నాళ్లూ ప్రీ ఆర్డర్ ఒక బుకింగ్. ఆ దారి మూసుకున్నాక అది కంపెనీకి ఇచ్చిన చేబదులు, అదీ వడ్డీ లేకుండా.

ఈ పద్ధతి సరుకు కొరత ఉన్న రోజులది. కార్ట్రిడ్జ్‌లు, డిస్కులు షాపుకి లెక్కపెట్టి వచ్చేవి, ముందు పేరు రాయించుకోకపోతే మొదటి వారం దొరికేవి కావు. డౌన్‌లోడ్‌కి ఏం కొరత? అందుకే ఇప్పుడు తాయిలాలతో నడిపిస్తున్నారు. 2015లో డ్యూస్ ఎక్స్: మ్యాన్‌కైండ్ డివైడెడ్ అనే గేమ్‌కి దాన్ని అమ్మే స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ ఏకంగా మెట్ల పథకం పెట్టింది. ఎంత ఎక్కువ మంది ప్రీ ఆర్డర్ చేస్తే అన్ని మెట్ల బహుమతులు తెరుచుకుంటాయి, చివరి మెట్టు దాటితే గేమ్ నాలుగు రోజులు ముందే ఇస్తారు. జనం మండిపడ్డారు, అక్టోబర్ కల్లా పథకం ఎత్తేశారు. తాయిలాల బేరం మాత్రం పోలేదు.

తాయిలం కింద వచ్చే తుపాకీ, కత్తి ఎక్కువగా మొదటి మూడు నాలుగు గంటల వరకే పనికొస్తాయి. ఆ తర్వాత దారిలో దొరికేవే వాటికన్నా బలంగా ఉంటాయి. పైగా, కష్టపడి నేర్చుకోవాల్సిన మొదటి గంటల్ని అవి చప్పగా చేస్తాయి. ఇక గేమే రాకముందు దాని డీఎల్‌సీలన్నిటికీ (తర్వాత విడిగా అమ్మే అదనపు భాగాలు) కలిపి సీజన్ పాస్ కొనడం గురించి పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు: ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ప్రీలోడ్ వల్ల, అంటే విడుదలకు ముందే గేమ్ ఫైళ్లు దింపి పెట్టుకోవడం వల్ల, కాస్త లాభం ఉంది, కానీ ఎంతో లెక్క వేసుకోండి. 100 ఎంబీపీఎస్ ఫైబర్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. 100 జీబీ గేమ్ రెండుంపావు గంటల్లో దిగుతుంది. 40 ఎంబీపీఎస్ అయితే ఐదున్నర గంటలు. ప్రీలోడ్‌తో మిగిలేది అంతే. (రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాక్ మీద దింపుతానంటే 50 రోజులు, అప్పుడు ప్రీలోడ్ కూడా కాపాడలేదు.) స్టీమ్‌లో ఇంకో మెలిక ఉంది. ప్రీలోడ్ ఫైళ్లు తాళం వేసి వస్తాయి, విడుదల ఘడియలో వాటిని విప్పాలి. డ్రైవ్‌లో గేమ్ సైజుకు దాదాపు రెండింతల జాగా లేకపోతే ఆ విప్పడం మధ్యలో ఆగిపోవచ్చు. పాత హార్డ్ డిస్క్ మీదైతే విప్పే టైంలో నేరుగా డౌన్‌లోడే అయిపోయినా ఆశ్చర్యం లేదు. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పదింటికి తెరిచే గేమ్ మనకు వేసవిలో రాత్రి 10:30కి, చలికాలంలో 11:30కి తెరుచుకుంటుంది. విప్పడం పూర్తయ్యేసరికి ఎలాగూ పడుకునే వేళే.

ఖరీదైన ఎడిషన్ కొంటే మూడు నుంచి ఐదు రోజులు ముందు ఆడనివ్వడం ఈమధ్య మామూలైపోయింది. స్టార్‌ఫీల్డ్ విడుదల తేదీ 2023 సెప్టెంబర్ 6, ఎక్కువ కట్టినవాళ్లకు సెప్టెంబర్ 1. మామూలు ఎడిషన్ వాళ్లకు దీనివల్ల ఊరికే ఒక లాభం ఉంది. ఆ ఐదు రోజులూ వేరేవాళ్లు డబ్బు పోసి పరీక్ష రాసిపెడతారు, వీళ్లు ఫలితం చూసి నిర్ణయించుకోవచ్చు.

డబ్బు వెనక్కి రావడం దగ్గర స్టోర్‌కో రూలు. స్టీమ్‌ది ఉన్నంతలో మంచిది. విడుదలకు ముందు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. విడుదలయ్యాక 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా ఉంటే ఇస్తారు. ముందస్తు యాక్సెస్‌లో ఆడిన సమయాన్ని ఒకప్పుడు లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు, 2024 ఏప్రిల్ నుంచి అదీ రెండు గంటల్లోకే వస్తుంది. హెల్ప్ మెనూలో స్టీమ్ సపోర్ట్, అందులో పర్చేజెస్, అక్కడ గేమ్ పేరు నొక్కి రీఫండ్ అడగాలి. కట్టిన దారిలోనే తిరిగి పంపడం కుదరకపోతే డబ్బు స్టీమ్ వాలెట్‌లో పడుతుంది, అంటే ఇంకో గేమ్ కొనడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. విడుదలకు 14 రోజులకన్నా ముందు ఆర్డర్ చేస్తే విడుదల తేదీ దాకా రద్దు చేసుకోవచ్చు. ఆ 14 రోజుల లోపల ఆర్డర్ చేస్తే, డబ్బు కట్టిన రోజు నుంచి 14 రోజుల గడువు ఉంటుంది, కానీ డౌన్‌లోడ్ మొదలు కాకూడదు. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే రెస్ట్ మోడ్‌లో ఉన్న కన్సోల్ అర్ధరాత్రి తనంతట తానే ప్రీలోడ్ మొదలుపెడుతుంది. గేమ్ ఒక్కసారైనా తెరవకుండానే గడువు పోయినట్టే. ఆర్డర్ చేసేటప్పుడే దాన్ని ఆపెయ్యండి. స్టీమ్‌లోలా రెండు గంటలు ఆడి చూసే వెసులుబాటు ఇక్కడ లేదు కాబట్టి, కన్సోల్ మీద ప్రీ ఆర్డర్‌కి మా మార్కులు సగానికి సగం తక్కువ.

సైబర్‌పంక్ 2077 ఒక్కటి చూస్తే మొత్తం బొమ్మ కనిపిస్తుంది. 2020 డిసెంబర్ 10న విడుదల, అప్పటికే 80 లక్షల ప్రీ ఆర్డర్లు. విడుదలకు ముందు రివ్యూలు రాసేవాళ్లకు ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే. వీడియో రివ్యూల్లో కూడా గేమ్ తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ ఇచ్చిన దృశ్యాలే వాడాలి, సొంతంగా రికార్డు చేసినవి పెట్టకూడదు. మంచి పీసీ మీద ఆడినవాళ్లు మంచి మార్కులే వేశారు. అది చూసి పీఎస్ 4 కోసం ఆర్డర్ చేసినవాళ్లకు వచ్చింది తడబడే ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తుందన్న లెక్క), ఆలస్యంగా గీసుకునే బొమ్మలు, మాటిమాటికీ క్రాష్. వారం తిరిగేసరికి సోనీ ఆ గేమ్‌ని స్టోర్ నుంచే తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. 2021 జూన్‌లో గానీ అది తిరిగి అమ్మకానికి రాలేదు. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక మాత్రం నిజంగా గొప్ప గేమ్ అయింది. అప్పుడు కొన్నవాళ్లు తక్కువ కట్టి మంచి సరుకు తీసుకున్నారు, మొదటి రోజు వాళ్లు ఎక్కువ కట్టి బీటా టెస్టింగ్ (పూర్తి కాని గేమ్‌ని పరీక్షించే పని) చేశారు.

దీన్నుంచి పట్టుకోవాల్సింది ఒకటుంది. రివ్యూ ఉందా అని చూస్తే చాలదు, మీరు ఆడబోయే మెషీన్ మీద ఆడి రాసిన రివ్యూ ఉందా అని చూడాలి. అది ఎప్పుడు బయటికి వస్తుందన్నదీ ముఖ్యమే. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అమెరికాలో అమ్మకానికి వచ్చిన 12 గంటల తర్వాత గానీ రివ్యూలు వేయనివ్వలేదు. ఆ గేమ్‌లో మొహాలు మాయమై కళ్లూ పళ్లూ గాల్లో తేలే బొమ్మలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. మరుసటి ఏడాది జూన్ 23న బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్ పీసీ మీద 30 ఫ్రేముల పరిమితితో, అది కూడా నిలబెట్టుకోలేని స్థితిలో వచ్చింది. ఒకటి రెండు రోజుల్లోనే అమ్మకం ఆపేశారు. స్టీమ్ రీఫండ్ పద్ధతి మొదలై అప్పటికి సరిగ్గా మూడు వారాలు, లేకపోతే కొన్నవాళ్ల గతి ఏమయ్యేదో.

ఇక రీఫండ్ కోసం స్టీమ్ ఇచ్చే ఆ రెండు గంటల్ని వాడుకునే తీరు. చాలామంది పాత్ర ముక్కు, గడ్డం దిద్దుతూ నలభై నిమిషాలు పోగొట్టుకుంటారు. గేమ్ పాజ్‌లో ఉన్నా, షేడర్లు (వెలుతురు, రంగులు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్నా, గేమ్‌కి ముందు తెరుచుకునే పబ్లిషర్ లాంచర్ తెరిచి ఉన్నా స్టీమ్ గడియారం తిరుగుతూనే ఉంటుంది. 2023లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు కొన్ని సిస్టమ్‌లలో షేడర్లకే గంట దాటింది. కాబట్టి తయారుగా ఉన్న ముఖంతో మొదలుపెట్టండి. రెజల్యూషన్ 1080పీ, సెట్టింగ్ మీడియం, అప్‌స్కేలింగ్ (తక్కువ రెజల్యూషన్ బొమ్మని పెద్దది చెయ్యడం), ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో ఫ్రేములు కల్పించడం) రెండూ ఆఫ్. మొదటి అరగంట ఇరుకు సొరంగాల్లో నడిపించే గేమ్‌లే ఎక్కువ, అక్కడి ఫ్రేమ్ రేటు చూసి మోసపోవద్దు. జనం, చెట్లు ఉన్న బహిరంగ ప్రదేశానికి వీలైనంత త్వరగా చేరాలి.

అక్కడ ఒకే వీధిలో రెండుసార్లు నడవండి. మొదటిసారి కుదుపులు వచ్చి రెండోసారి పోతే అది షేడర్ల తంటా, ఆడే కొద్దీ తగ్గుతుంది. రెండోసారీ అదే మలుపు దగ్గర కుదిపితే కొత్త ప్రాంతాన్ని లోడ్ చేసుకునే తీరులోనే లోపం ఉంది, మీ సెట్టింగులతో అది పోదు. తర్వాత రెజల్యూషన్‌ని 720పీకి దించండి. ఫ్రేములు పెరిగితే గ్రాఫిక్స్ కార్డు మీద భారం పడుతున్నట్టు, సర్దుబాటు చేసుకోవచ్చు. కదలకపోతే ప్రాసెసర్ దగ్గర ఇరుక్కుంది, గ్రాఫిక్స్ ఎంత తగ్గించినా దండగే. సేవ్ చేసి, బయటికొచ్చి, మళ్లీ లోడ్ అవుతుందో లేదో కూడా చూడండి. గంటన్నర దగ్గర నిర్ణయం అయిపోవాలి. లోపాలు సరిదిద్దే ప్యాచ్ వస్తుందిలే అని ఆగితే రెండు గంటలూ దాటుతాయి, 14 రోజులూ దాటుతాయి.

డిస్కుల సంగతి కొంచెం వేరు. కలెక్టర్స్ ఎడిషన్‌లు నిజంగానే లెక్కపెట్టి వస్తాయి కాబట్టి అక్కడ ముందు బుకింగ్‌కి అర్థం ఉంది. అక్కడ కూడా ఫాల్అవుట్ 76ని మరిచిపోకూడదు. 2018లో 200 డాలర్ల ఎడిషన్‌లో కాన్వాస్ సంచి అని ప్రకటించి నైలాన్ సంచి పెట్టారు. గొడవ చేస్తే ముందు గేమ్‌లో ఖర్చుపెట్టుకునే 500 పాయింట్లు ఇస్తామన్నారు, ఇంకా గొడవ చేశాక అసలు సంచులు పంపారు. మామూలు డిస్కు ఎడిషన్‌కైతే బుకింగ్ అవసరం అరుదు. షాపులో చెప్పుకున్నా పూర్తి డబ్బు కట్టకుండా అడ్వాన్స్ ఇచ్చి, తేదీ వాయిదా పడితే అది తిరిగిస్తారో లేదో రసీదు మీద రాయించుకోండి. డిస్కుకి ఉన్న గొప్ప సుగుణం, నచ్చకపోతే ఇంకొకరికి అమ్మెయ్యొచ్చు. విడుదలైన మొదటి రెండు వారాల్లో అమ్మితే మంచి రేటు వస్తుంది, మొదటి సేల్ పడ్డాక అదే డిస్కుని అడిగేవాళ్లుండరు. లోపల ఇచ్చిన బోనస్ కోడ్ మాత్రం గీకకుండా ఉంచండి, కోడ్ వాడేసిన డిస్కుకి బేరమాడేటప్పుడు మొదట తగ్గించేది దానికే.